మండపేట బియ్యం, ఎన్నిస్ మంగాదేవి

పడమటి ఐర్లండులో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో కుక్కరు కూత వేసిందంటే, మొన్నమొన్నటిదాకా అందులో ఉడికేది చాలావరకు మంగాదేవి తెప్పించిన బియ్యమే. లిమరిక్ ఆసుపత్రుల్లో డాక్టర్లు, షానన్ ఫ్యాక్టరీల్లో ఇంజనీర్లు, గాల్వేలో చదువుకునే పిల్లలు, అందరి ఇళ్ళల్లోనూ అదే బస్తా. మండపేటలో కృష్ణ మూర్తిగారి మిల్లులో, ధాన్యం ఏడాది మాగబెట్టి ఆడించిన సన్నబియ్యం. కొత్త బియ్యం ముద్దవుతుంది, పాతది మెతుక్కి మెతుకు విడుతుంది. ఈ తేడా తెలియనివాళ్ళకి బియ్యం అమ్మడం దండగని మంగాదేవి అంటూండేది. అలా అనగలిగిన రోజులు ఆవిడకి ఎంత ఆలస్యంగా వచ్చాయో, అంత తొందరగానూ పోయాయి. ఆ పోయిన వైనమే ఇది.

ఆవిడ పుట్టిందీ పెరిగిందీ మండపేటలోనే. తండ్రి కృష్ణ మూర్తిగారి మిల్లులో గుమాస్తా. ఆ పెద్దమనిషి ఎదుట ఆయన ఒక్కనాడూ కుర్చీలో కూర్చోలేదు, కూర్చోమని ఆయన్ని ఎవరూ అనలేదు కూడా. వెంకట రమణతో పెళ్ళయింది. అతను నర్సు. మగాడు నర్సేమిటమ్మా అని నలుగురూ బుగ్గలు నొక్కుకున్నారు. లిమరిక్‌లో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చి, దాని దగ్గరి ఊరు ఎన్నిస్‌లో ఇల్లు తీసుకుని, మంచు పడిన ఫోటో ఒకటి పంపేసరికి ఆ నలుగురికీ నోరు పడిపోయింది.

ఫోటోలో కనిపించనిది మంగాదేవి ఖాళీతనం. వచ్చిన కొత్తల్లో ఆవిడ వీసా మీద ఉద్యోగం చేసే వీల్లేదు. మొగుడు డ్యూటీకి వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చుని వాన చూడడమే పని, ఎన్నిస్‌లో ఆ పనికి ఎప్పుడూ లోటుండదు. దానికి తోడు తిండి. అక్కడ దొరికే బాస్మతి ఎంత తిన్నా ఆవిడకి అన్నం తిన్నట్టే ఉండేది కాదు. ఎవరైనా డబ్లిన్ వెళ్తుంటే డిక్కీలో ఒక బస్తా వేసుకు రమ్మని బతిమాలుకునేది. అలా తనకోసం అడిగినది పక్కింటివాళ్ళ కోసం, ఆ పైన షానన్ వాళ్ళ కోసం అడగడం మొదలెట్టింది. పనిచేసుకునే వీలు వచ్చాక, ధైర్యం కూడగట్టుకుని కృష్ణ మూర్తిగారికి ఫోను చేసింది.

"అమ్మాయ్, ఐర్లండుకి నేను ఒక్కళ్ళకే ఇస్తాను. ఇద్దరికిచ్చేనంటే మీలో మీరు కొట్టుకుని నా బియ్యం పేరు చెడగొడతారు. నిలబడే పార్టీ అయితేనే చెప్పు" అన్నాడాయన.

"నిలబడతానండి" అంది మంగాదేవి.

అంతే. కాగితం లేదు, సంతకం లేదు. ఆ నోటిమాట మీద కంటెయినర్లు విశాఖలో ఓడెక్కి డబ్లిన్‌లో దిగేవి. ఎన్నిస్ ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక యూనిట్ లీజుకి తీసుకుంది. కృష్ణ మూర్తిగారు ఫోను చేస్తే పేరు పెట్టి పిలవడం మానేసి, "ఏం, ఐర్లండు పార్టీ! ఎలా ఉంది బేరం?" అనేవాడు. తండ్రి నిలబడి బతికిన చోట కూతురు పార్టీ అయింది. ఆ పిలుపు విన్న రోజు మంగాదేవికి వంట చేస్తున్నా, బట్టలు మడతపెడుతున్నా నవ్వు ఆగేది కాదు. నేనైతే ఆ నవ్వుని తప్పుపట్టను.

"బ్రహ్మాండంగా ఉందండి" అనేది ఆవిడ ఎప్పుడూ. మొదట్లో అది నిజమే.

తరవాత తరవాత కాదు. ఓడలు చుట్టు తిరిగి వస్తున్నాయని కిరాయి పెంచారు. సూపర్‌మార్కెట్లు కూడా సన్నబియ్యం పెట్టడం మొదలెట్టాయి. పాతవో కొత్తవో ఎవరికీ తెలియదు గాని చవక. నిండు కంటెయినరు తెప్పించే ఆవిడ సగం కంటెయినరుకి దిగింది, మిగతా సగంలో ఎవరివో పప్పులూ కారాలూ. గోడౌను సగం ఖాళీ. ఒక చివర నిలబడి మాట్లాడితే రెండో చివర నుంచి తన గొంతే తనకి వినబడేది. అయినా కృష్ణ మూర్తిగారికి మాత్రం బ్రహ్మాండమే. బలహీనపడిందని తెలిస్తే ఆయన పార్టీని మారుస్తాడు. అది ఆవిడకి చిన్నప్పటినుంచీ తెలుసు. మారిపోయిన పార్టీల కథలు తండ్రి అన్నం తింటూ చెప్పేవాడు.

అటువంటి సమయంలో సుంకం కబురొచ్చింది. బయటి దేశాల బియ్యం మీద దిగుమతి సుంకం పెంచాలని యూరప్ దేశాలన్నిటికీ సుంకాలు నిర్ణయించే బ్రస్సెల్స్‌లో ఒక ఆలోచన. ఇటలీలో వరి పండించే రైతులు అడిగారట. వాళ్ళ బాధ వాళ్ళది. బాస్మతి సంగతి వేరు, దాని రూల్స్ వేరు. దెబ్బ పడేది మన సన్నబియ్యానికి. ఇప్పుడున్న సుంకంతోనే ఆవిడకి మిగిలేది అంతంత మాత్రం. ఇంకాస్త పెరిగితే మూసుకోవడమే, అందులో సందేహం లేదు.

అయితే సుంకం ఊరికే పెంచరు. పెంచేముందు ఆ దెబ్బ ఎవరి మీద ఎంత పడుతుందో లెక్క చూడాలని నియమం. ఇంపాక్ట్ రివ్యూ అంటారు. ఐర్లండు తరఫున ఆ లెక్క చూసే పని డబ్లిన్ శివారు చెర్రీవుడ్‌లో ఒక కన్సల్టెన్సీకి అప్పజెప్పారు. నియమం పెట్టినవాళ్ళెవరో బుద్ధిమంతులే. కర్ర ఎత్తేముందు ఎదుట ఎవరున్నారో చూసుకోమనడం కన్నా మంచి మాటేముంటుంది? ఆ కన్సల్టెన్సీ వాళ్ళు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. ఇండియా వ్యాపారులు తెల్లవాళ్ళ ముందు మనసు విప్పరు, వాళ్ళ భాష మాట్లాడే మనిషిని పంపితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు అనుకున్నారు. డబ్లిన్‌లో మాస్టర్స్ చేసి ఆ ఆఫీసులోనే చేరిన లోహిత అనే అమ్మాయిని పంపారు. ఎంత మంచి ఆలోచనో! కొంప ముంచింది అదే.

ముందురోజు సాయంత్రం వెంకట రమణ పెళ్ళాన్ని కూర్చోబెట్టి చెప్పాడు. "చూడు మంగా, పరువుకీ గిరువుకీ పోకు. పెరిగితే మూసేస్తామని చెప్పు. గోడౌన్ చూపించు. సగం ఖాళీగా ఉందని నీ నోటితో నువ్వే చెప్పు."

"చెప్తానండి. ఏడుపొస్తే ఏడుస్తాను కూడా" అందావిడ. నిజంగానే అనుకుంది. తెల్లారి అద్దం ముందు జడ వేసుకుంటూ ఒకసారి చెప్పుకుని చూసుకుంది కూడా.

పదకొండింటి రైలుకి లోహిత దిగింది. సన్నగా, కళ్ళజోడు, వీపున బ్యాగు. చలికి ముక్కు ఎర్రబడింది. చూడగానే మంగాదేవికి జాలేసింది. కారెక్కించుకుని, హీటరు పెంచి, సీటుబెల్టు పెట్టుకుందో లేదో చూసి, ఇంజను స్టార్టు చేస్తూ అడిగింది, తెలుగు మనిషి తెలుగు మనిషిని చూస్తే అడగకుండా ఉండలేని ప్రశ్న.

"మీదే ఊరమ్మా?"

"రామచంద్రపురం ఆంటీ."

"ఓసి నీ! మా పక్కే! మాది మండపేట. రామచంద్రపురంలో ఎవరి తాలూకు?"

ఇక్కడ ఆపి ఉంటే ఈ కథ లేదు. ఎవరి అమ్మాయో తేలేదాకా, ఏదో ఒక కొమ్మ పట్టుకుని చుట్టరికం దొరికేదాకా మనవాళ్ళకి నిద్ర పట్టదు. తండ్రి పేరు అడిగింది, ఇంటిపేరు అడిగింది, మేనమామల ఊరు అడిగింది. ఏదీ తగల్లేదు. ఆఖరికి ఆ పిల్లే అందించింది.

"మా పిన్నిని మండపేటే ఇచ్చేరు ఆంటీ. రైస్ మిల్లు వాళ్ళకి."

"ఏ మిల్లు?"

"కృష్ణ మూర్తి గారని, వాళ్ళ చిన్నబ్బాయి మా బాబాయి. మీకు తెలుసా?"

రౌండబౌట్ చుట్టూ కారు ఒకసారి తిరిగింది, మళ్ళాల్సిన దారి దాటిపోయి రెండోసారీ తిరిగింది.

"తెలుసమ్మా" అంది మంగాదేవి. "తెలియకేం."

గోడౌన్‌లో అడుగుపెట్టేటప్పటికి ఆవిడ వేరే మనిషి. లోహిత లాప్‌టాప్ తెరిచి, "మీరు చెప్పేదంతా కాన్ఫిడెన్షియల్ ఆంటీ, మీ పేరు ఎక్కడా రాదు" అంది. మంగాదేవి తల ఊపింది. ఆవిడకి తెలిసిన లోకంలో, ఎవరికీ చెప్పకని చెప్పిన మాటే అందరికన్నా ముందు ఊరు చేరుతుంది. ఈ పిల్ల ఆదివారం వాళ్ళమ్మతో మాట్లాడుతుంది. వాళ్ళమ్మ చెల్లెలితో మాట్లాడుతుంది. సోమవారానికి మిల్లులో తెలుస్తుంది.

"బిజినెస్ ఎలా ఉంది ఆంటీ?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా."

"ఈ సగం ఖాళీగా ఉందేంటి?"

"వచ్చింది వచ్చినట్టే ఎగిరిపోతోంది తల్లీ, నిలవుంటేగా!"

"మరి సుంకం పెరిగితే?"

అద్దం ముందు చెప్పుకున్న మాటలన్నీ మంగాదేవికి గుర్తున్నాయి. అయినా నోరు మాత్రం మండపేట వైపు తిరిగి ఉంది.

"తినేవాళ్ళు మానేస్తారేంటమ్మా? కాస్త రేటు పెంచుతాం. మాకేం ఫరక్ పడదు."

లోహిత టకటకా కొట్టుకుంది. ఆ టకటక వింటుంటే మంగాదేవికి చెమటలు పట్టాయి, అంత చలిలోనూ.

భోజనానికి ఇంటికి తీసుకెళ్ళింది. వచ్చిన పిల్లని ఒట్టి కడుపుతో పంపే ఇల్లు కాదది. ములక్కాడ పులుసు, కంద వేపుడు, దోసావకాయ, గడ్డపెరుగు. సెకండరీ స్కూల్లో చదివే కూతురు నిఖిలకి ఆ రోజు సెలవు. తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం అచ్చం వాళ్ళుండే క్లేర్ కౌంటీ యాసలో ఇంగ్లీషు. తల్లి వడ్డిస్తూ ఇంకో కంటెయినరు తెప్పిస్తున్నానని కోతలు కోస్తుంటే, ప్లేటులోంచి తలెత్తి తన ఇంగ్లీషులో అడిగేసింది, "అదేంటి మామ్, మూసేయాల్సి వస్తుందేమోనని నిన్న డాడ్‌తో అన్నావుగా?" అని.

గరిటె గాల్లోనే ఆగింది.

"అది దీని స్కూల్లో కేకులమ్మే బేక్ సేల్ గురించమ్మా" అంది మంగాదేవి. నిఖిల ఏదో అనబోయి, తల్లి కళ్ళు చూసి అన్నం కలుపుకుంది.

లోహిత ఆ ఇద్దరినీ చూసింది. తిన్నాక, చేతులు కడుక్కుని, సింకు దగ్గర గొంతు తగ్గించి అడిగింది, "ఆంటీ, ఇందాక చెప్పినవాటిలో ఏదైనా మార్చాలంటే చెప్పండి. ఇప్పుడే మార్చేస్తాను."

ఎంత మంచి పిల్ల! దేవుడు తలుపు తీసి పట్టుకున్నట్టే. మంగాదేవి ఆ తలుపు తనే వేసింది. "మార్చడానికేముందమ్మా. మీ పిన్నిని అడిగేనని చెప్పు" అని డబ్బాలో ఆవకాయ పెట్టి రైలెక్కించింది.

రాత్రి వెంకట రమణ అడిగితే, "చెప్పాల్సింది చెప్పేను" అంది. అడగాల్సింది అతను అడగలేదు. డ్యూటీ నుంచి వచ్చిన మనిషి, అన్నం తిని పడుకున్నాడు.

వేసవిలో రిపోర్టు బయటికొచ్చింది. వెంకట రమణే ఫోనులో చదివి వినిపించాడు. సన్నబియ్యం తెప్పించే చిన్న వ్యాపారులకి గిరాకీ బాగా పెరుగుతోంది. సరుకు నిలవ ఉండడం లేదు. సుంకం పెరిగినా ధర సవరించుకుని తట్టుకోగలమని వారే చెప్పారు. కాబట్టి ప్రభావం స్వల్పం.

"ఎవడే ఈ దరిద్రుడు? వీడి నోట్లో మన్ను పొయ్య!" అని లేచాడు వెంకట రమణ. "మనల్నందర్నీ ముంచేశాడు!"

"నేనేనండి" అంది మంగాదేవి.

అతను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఫోను బల్లమీద పెట్టి, చెప్పులేసుకుని, వానలో బయటికి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. ఆవిడ ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. తను ఒక్కతే చెప్పిన అబద్ధానికి దేశంలోని సన్నబియ్యం వ్యాపారమంతా మునిగిందని కుమిలిపోతోంది.

ఒక్కతే కాదని మర్నాడు తెలిసింది. కార్కు దగ్గర బాలింకాలిగ్‌లో శ్యాం అని ఒకతను, వేరే మిల్లు బియ్యం తెప్పిస్తాడు, అక్కా అని చనువుగా పిలుస్తాడు. అతనికి ఫోను చేసింది.

"శ్యాం, నిజం చెప్పు. ఆ పిల్ల నీ దగ్గరికీ వచ్చిందా?"

"ఎందుకు రాలేదక్కా, వచ్చింది."

"ఏం చెప్పేవు?"

"ఏం చెప్తామక్కా. ఏ ఊరు, ఎవరమ్మాయివి అని అడిగాక తెలిసింది గదా, ఆ పిల్ల మండపేట మిల్లు చుట్టమని. ఆ మిల్లులో తెలిస్తే మా మిల్లులో తెలిసినట్టే గదా. ఇంకో ముగ్గురు పనోళ్ళని పెట్టబోతున్నా అని చెప్పా."

ఇంకెవరినీ అడగక్కర్లేకపోయింది. మనవాళ్ళ మాట మనవాళ్ళకి తెలిసిపోతుందన్న భయంతో, మనవాళ్ళు మనపిల్లకే తప్పుడు మాట చెప్పారు. ఏ తెల్లాయనో టై కట్టుకుని వచ్చి ఉంటే అతని ముందు ఏడ్చి మొత్తుకునేవాళ్ళు. అడిగినవాళ్ళది తప్పా, చెప్పినవాళ్ళది తప్పా అంటే నేను చెప్పలేను. కోపం మాత్రం ఇద్దరి మీదా వస్తుంది.

ఇంకొక్క అవకాశం మిగిలింది. నిర్ణయం చేసేముందు రిపోర్టు మీద ఎవరైనా అభ్యంతరం పంపుకోవచ్చు. కానీ అది పేరూ ఊరూ పెట్టి పంపాలి, అందరూ చూసేలా వెబ్‌సైటులో పెడతారు. తెలుగు వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో మంగాదేవి రాసింది: అందరం కలిసి పంపుదాం, ఒక్కొక్కరం మన నష్టం మనం చెబుదాం. గ్రూపంతా చదివిందని గుర్తులు పడ్డాయి. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకొకరు వినాయకుడి బొమ్మ. శ్యాం విడిగా ఫోను చేశాడు.

"అక్కా, వద్దు. పేరు పెట్టి నష్టాల్లో ఉన్నానని రాసుకున్నాక మనకి సరుకెవరిస్తారు? గమ్మునుండు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నిజం చెబితే మండపేట పోతుంది. చెప్పకపోతే సుంకం పెరిగి మండపేటతో పాటు అంతా పోతుంది. మంగాదేవి ఆ వారం సరిగా తినలేదు. కృష్ణ మూర్తిగారికి ముందే ఫోను చేసి చెప్పేద్దామని నంబరు తీసేది, "ఐర్లండు పార్టీ!" అన్న పిలుపు చెవిలో మోగేది, పెట్టేసేది.

చివరికి ఆదివారం మధ్యాహ్నం నిఖిలని పక్కన కూర్చోబెట్టుకుంది. తను తెలుగులో చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో కొట్టింది. రిపోర్టులో ఉన్న మాట నాదే. అది అబద్ధం. నా గోడౌను సగం ఖాళీ. సుంకం పెరిగితే నేను మూసేస్తాను. నేను అబద్ధం ఎందుకు చెప్పానంటే, నా వ్యాపారం నీరసపడిందని తెలిస్తే నాకు సరుకిచ్చేవాళ్ళు ఇవ్వరు. నాలాగే చాలామంది చెప్పి ఉంటారు. కింద పేరు, ఊరు.

నిఖిల కొట్టడం ఆపి తల్లి వైపు చూసింది. "ఆర్ యూ ష్యూర్, మామ్?"

"పంపెయ్యి" అంది మంగాదేవి. అన్నాక చెయ్యి కూతురి భుజం మీద వేసింది. నిఖిల బటన్ నొక్కింది.

మాట పనిచేసింది. ఆ సంగతి దాచకూడదు. నెల తిరక్కుండా బ్రస్సెల్స్ నుంచి కబురొచ్చింది. ఈ రివ్యూ మీద నమ్మకం లేదు, మళ్ళీ చేయాలి, అంతవరకు సన్నబియ్యం సుంకం జోలికి పోవద్దు. గ్రూపులో పండగ. చప్పట్లు, దండాలు, పూలగుత్తులు. నోరు మెదపని మనుషులందరికీ ఒక్కసారి నోళ్ళొచ్చాయి. మంగాదేవక్క ఆడపులి అని ఒకరు, మా క్లేర్ కౌంటీ ఝాన్సీ అని ఒకరు. ఆవిడ రాసిందాన్ని ఫోటో తీసి ఒకరికొకరు పంపుకున్నారు. నింద కన్నా పొగడ్త దూరం పోతుంది, ఎందుకంటే పంపేవాడికి సిగ్గుండదు.

శనివారం పొద్దున్న కృష్ణ మూర్తిగారి ఫోను వచ్చింది. ఐర్లండు పార్టీ అని పిలవలేదు.

"మంగాదేవీ, బాగున్నావా అమ్మా? నువ్వు రాసింది చూశాను. శ్యాం అని, కార్కు దగ్గర ఉంటాడంట, అతను పంపేడు. మా అక్క ధైర్యం చూడండి సార్ అని పంపేడు. నిజంగా ధైర్యమేనమ్మా."

మంగాదేవి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకుంది.

"నీ మీద కోపం లేదు. మీ నాన్న నా దగ్గర బతికినవాడు. కానీ ఇన్నాళ్ళూ బ్రహ్మాండం బ్రహ్మాండం అని నాతో అన్నావు గదా. నాతో ఒకటి, వాళ్ళతో ఒకటి అంటే నేను దేన్ని నమ్మేది? సరుకు నిలబడే పార్టీకే వెళ్ళాలి. ఆ శ్యాం ముగ్గురు పనోళ్ళని పెడుతున్నాడంట. ఈ ఏడు అతనికి పంపుతాను. ఏమనుకోకమ్మా."

"లేదండి, ఏమనుకోను" అంది మంగాదేవి. తండ్రి కూడా ఆయనతో ఎన్నిసార్లు అదే మాట అని ఉంటాడో!

వేరే మిల్లులు వెతికింది. ఇక్కడి కబురు వాటికీ ముందే చేరింది. వెంకట రమణ సెలవు పెట్టి గాలించాడు, తెలిసిన డాక్టర్ల చేత చెప్పించాడు. చలికాలం వచ్చేసరికి గోడౌను తాళాలు ఇచ్చేసింది. ఖాళీ యూనిట్ చిమ్మేటప్పుడు మూలల్లో దొరికిన గుప్పెడు బియ్యం పిచ్చుకలకి వేసింది. ఆ రోజు కాదు గాని, మర్నాడు వంటింట్లో పప్పు పోపు వేస్తూ స్టవ్ ఆపి, నేల మీద కూర్చుని భోరుమంది. పదిహేనేళ్ళ కింద ఆ కిటికీ దగ్గరే వాన చూస్తూ కూర్చునేది. మళ్ళీ అక్కడికే వచ్చిపడ్డానన్న దుఃఖం అది. నిఖిల వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది.

ఇప్పుడావిడ ఊళ్ళో ఒక నర్సింగ్ హోం వంటింట్లో పనిచేస్తోంది. ముసలివాళ్ళకి సూపులు, ఉడకబెట్టిన కూరలు. మంచి మనుషులు, మర్యాదగా చూస్తారు. అక్కడికే ఒక మధ్యాహ్నం లోహిత ఫోను చేసింది. మంగాదేవి చేతులు తుడుచుకుని వెనక తలుపు బయటికి వచ్చింది.

"ఆంటీ! మీ వల్లే రివ్యూ మళ్ళీ పెట్టేరు. మా ఆఫీసులో మీ పేరే అంటున్నారు. ఈసారి మొదటి ఇంటర్వ్యూ మీదే చెయ్యాలని అడిగి తీసుకున్నాను. ఎప్పుడు రమ్మంటారు?"

"నా దగ్గర బియ్యం లేవమ్మా ఇప్పుడు."

"అంటే, కొత్త కంటెయినర్ రాలేదా?"

"రాదు. మానేశాను."

"సుంకం పెరుగుతుందనా ఆంటీ?"

"కాదమ్మా. నష్టాల్లో ఉన్నానని పేరు పెట్టి చెప్పేను గదా. మీ పిన్నివాళ్ళ మావగారు సరుకు ఆపేశారు. శ్యాంకి ఇస్తున్నారు."

అవతల టైపు చేస్తున్న చప్పుడు మొదలై ఆగింది.

"ఆంటీ..." అంది ఆ పిల్ల. "సుంకం పెరగలేదు గదా. మీరు మానేసింది దానివల్ల అని నేను రాయలేను. పైగా ఈసారి ప్రస్తుతం దిగుమతి చేస్తున్నవాళ్ళనే అడగమన్నారు. మీరు లిస్టులోకి రారు."

"అలాగేనమ్మా. శ్యాం ఉన్నాడుగా, అతన్ని అడగండి. నువ్వు మాత్రం వెళ్ళకు, నీది ఏ ఊరో అతనికి తెలుసు."

లోహిత నవ్వలేదు. "నాకు ఆ రోజే తెలుసు ఆంటీ. గోడౌన్ చూశాను గదా. మీ అమ్మాయి అన్నది కూడా విన్నాను. రాద్దామనే అనుకున్నాను. వాళ్ళు చెప్పిందే రాయాలి, నీకు అనిపించింది రాయకూడదన్నారు మా మేనేజరు. ఒక్కసారి గట్టిగా అడగాల్సింది. మా పిన్నివాళ్ళ పేరు విన్నాకే మీరు మారిపోయేరని నాకు అర్థం కాలేదు."

మిల్లు పోయినప్పుడు గాని, గోడౌను పోయినప్పుడు గాని మంగాదేవికి ఎవరి మీదా కోపం రాలేదు. తన నోటి తప్పు తనదేనని మోసింది. ఇప్పుడు మాత్రం వచ్చింది. తను అబద్ధం చెబుతోందని ఎదుటి మనిషికి తెలుసు. తెలిసి కూడా రాసుకుంది.

"రాసెయ్యాల్సింది తల్లీ" అంది. "ఈ ఆంటీ అబద్ధం చెప్తోందని రాసెయ్యాల్సింది. నేనెలాగూ చెప్పలేకపోయాను. నువ్వైనా రాయాల్సింది."

"సారీ ఆంటీ" అంది లోహిత. ఏడుస్తున్నట్టే ఉంది.

ఆ పిల్లని ఓదార్చాలని మంగాదేవికి తెలుసు. ఇరవై అయిదేళ్ళు కూడా నిండని పిల్ల, ఊరుగాని ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటోంది. ఓదార్చడానికి నోరు రాలేదు. లోపలినుంచి ఎవరో పిలిస్తే, వస్తున్నానని చెప్పి ఫోను పెట్టేసింది.